ఐదో మజిలీ

“వంతెన దగ్గర్నించి మనింటికి ఎంతసేపు పడుతుందే?” అని మా ఆయన అడిగేటప్పటికి నేను వీపు మీది గడ్డిమోపు ఇంకా దించలేదు. ఆయన పై అంతస్తు వరండాలో ఎండకి కాళ్ళు చాపుకుని, మా అమ్మాయి రిధిమ నోటుపుస్తకం ఒళ్ళో పెట్టుకుని, పెన్ను కొరుక్కుంటూ కూర్చున్నాడు.

“ఖాళీగానా, మోపుతోనా?” అన్నాను కింద నుంచి.

“మోపుతో ఎందుకొస్తారే వాళ్ళు? టూరిస్టులు. చేతిలో నీళ్ళ సీసా, మెడలో కెమెరా, అంతే.”

“అయితే నాకు తెలీదు.”

వెటకారం అనుకున్నాడు. కాదు, ఉన్నమాటే చెప్పాను. పదిహేడేళ్ళ కిందట కాపురానికి వచ్చిన రోజు తప్పిస్తే ఆ దారిన నేను వట్టి వీపుతో ఎక్కిందే లేదు. గడ్డి, కట్టెలు, పేడ, ఆపిల్ పెట్టెలు, మర నుంచి పిండి బస్తా, ఒకసారి కాలు విరిగిన మా అత్త. వీపు మీద బుట్ట లేకపోతే నాకు నడుం ఎక్కడుందో తెలీదు. ఆయనకి ఈ దారి అసలే తెలీదు. బంజార్ రోడ్డు మీద జీపు తోలుతాడు. జీపు ఎక్కడిదాకా వస్తే లోకం అక్కడిదాకే ఉంటుంది ఆయనకి.

ఈ నడక గొడవంతా గరిమా మేడమ్‌ది. ఢిల్లీలో ఏదో యాత్రల కంపెనీలో పని. పోయిన శీతాకాలం ముందు మా ఆయన జీపులో వచ్చి, మా ఇంట్లో ఆవిరికి ఉడికించిన సిడ్డూ రొట్టె తిని, వేళ్ళకంటిన నెయ్యి నాకుతూ, కొయ్యా రాయీ పేర్చి కట్టిన మా ఇంటిని కింద నుంచి పైదాకా చూసి, “తులేరాం గారూ, అరవై దాటినవాళ్ళు కూడా నడవగలిగే దారి ఒకటి వేసి ఇవ్వండి. నది నుంచి మీ ఇంటిదాకా. పాత ఊరు చూపిద్దాం” అంది. అప్పట్నించీ ఆయన మనిషి మనిషిలా లేడు. “సులువైన వారసత్వ గ్రామ నడక” అని నోటుపుస్తకం మీద పెద్ద అక్షరాలతో రాశాడు. కింద ఐదు మజిలీలు. వంతెన, నీటిమర, అక్రోటు చెట్ల కింద రాతిమెట్లు, దేవుడి ముంగిలి, మా ఇల్లు. నేను అంట్లు తోముతుంటే ఒకటీ, పాలు పితుకుతుంటే ఒకటీ అడిగి రాసుకున్నవే అన్నీ.

“ఆ మెట్లు ఎవరు వేశారే?”

“మేమే. కొండచరియ పడి పాత దారి పోయిన ఏడు, పదకొండుమంది ఆడవాళ్ళం నెలరోజులు పలకరాళ్ళు మోశాం. నీకు గుర్తు లేదా? రిధిమ అప్పుడు నా కడుపులో ఉంది.”

ఆయన తలూపాడు. తర్వాత రిధిమ చదివి వినిపించింది. ‘మూడో మజిలీ: మన పూర్వీకులు వేసిన రాతిమెట్లు.’ మా పిల్ల నా వంక చూసి, “అమ్మా, నువ్వు పూర్వీకురాలివి” అని పకపకా నవ్వింది. నేనూ నవ్వాను.

సమయం లెక్క తేలక చివరికి తన ఫోను నా చేతిలో పెట్టి, “ఖాళీగా ఓసారి నడిచి రా” అన్నాడు. వంతెన దాకా దిగి మళ్ళీ ఎక్కాను. బుట్ట లేదు. మర దగ్గర పిండి పట్టిస్తున్న బుధీ నన్ను చూసి, “ఏం ఖీమీ, చేతులూపుకుంటూ పోతున్నావ్? మొగుడు తరిమేశాడా, పుట్టింట్లో ఎవరైనా పోయారా?” అని అడిగింది. ఆడది ఖాళీగా నడవడానికి మా ఊళ్ళో ఉన్న కారణాలు ఆ రెండే. మెట్ల మీద ఒకచోట ఆగాను. అలుపొచ్చి కాదు, నది కనిపించి. అక్కణ్ణుంచి నది కనిపిస్తుందని నాకిన్నాళ్ళూ తెలీదు. మోపు కింద తల వంచుకుని నడిచేదానికి ముందరి మెట్టే కనిపిస్తుంది. నాకు ఏడుపొచ్చింది. ఏడుపు కన్నా ఎక్కువగా కోపమొచ్చింది. నలభై ఏడు నిమిషాలు పట్టిందని చెబితే ఆయన నలభై అయిదు అని రాసి, పక్కన ‘చిన్నపిల్లలు కూడా నడవగలరు’ అని చేర్చాడు. ఈ దారిన రోజుకి నాలుగుసార్లు తిరిగే నన్నే కదా పోయిన వారం, “పొద్దస్తమానం ఇంట్లో ఏం చేస్తావే” అని అడిగాడు!

ఐదో మజిలీ గురించి మాత్రం నన్ను ఎవరూ ఏమీ అడగలేదు.

మా ఇంటికి మూడు అంతస్తులు. పైన పొయ్యి, పడకలు, దేవుడి అర. మధ్యలో ధాన్యం. అడుగున ఆవులుండే గది. దాన్ని ఖుడ్ అంటాం. నెలకి ఐదు రోజులు నేనూ ఆవులతోనే. మెట్ల మీద కాలు పెట్టకూడదు, పొయ్యి చూడకూడదు, ఎవర్నీ తాకకూడదు. కానీ గడ్డి కోయొచ్చు, కట్టెలు మోయొచ్చు, పేడ ఎత్తొచ్చు. నా మైల ఇంట్లో పనికే అంటుతుంది, పొలం పనికి అంటదు. అక్కడ మేకుకి నా కంబళి, గూట్లో నా కంచం, గ్లాసు, దువ్వెన. మొన్న మాఘంలో దూడ పక్కన పడుకుంటే దాని వెచ్చదనానికి నిద్ర పట్టింది. ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. దూడకి ఉన్న బుద్ధి పైన పడుకున్నవాళ్ళకి లేదు అనిపించిందని ఎలా చెప్పను?

రిధిమకి పదమూడు వెళ్ళవస్తున్నాయి. మా అత్త ఈ చలికాలం ఒక కంబళి నేసింది. నీలం అంచు, కొత్త ఉన్ని. ఎవరికత్తా అంటే, “ఎవరికేంటి, పిల్ల ఇవాళో రేపో కిందికి దిగాలిగా” అని తీసుకెళ్ళి నా కంబళి పక్కన రెండో మేకుకి తగిలించింది. ఎంత ప్రేమగా నేసిందో! నా రోజులంటారా, అలవాటైపోయాయి. ఆ పిల్ల ఆ మెట్లు దిగే రోజుని ఎలా ఆపాలో మాత్రం తెలియక, లోపల్లోపల కుమిలిపోతూ ఉన్నాను.

గరిమా మేడమ్ నలుగురు పెద్దవాళ్ళని తీసుకుని నడక చూడటానికి వస్తానన్న రోజు ముందు సాయంత్రమే నేను కింద చేరాను.

“ఇప్పుడే రావాలా నీకిది?” అన్నాడు ఆయన, నేనేదో పగబట్టి తెచ్చుకున్నట్టు. మా అత్త పిండి కలిపి పులవబెట్టింది. వంటకి బంజార్ నుంచి మా ఆడబిడ్డ వస్తుందన్నారు. నేను కంచం పట్టుకుని దూడ పక్కన చేరాను.

తెల్లవారేసరికి ఆడబిడ్డ ఫోను. రోడ్డు మీద రాళ్ళు పడ్డాయి, బస్సు లేదు. ఊళ్ళో మిగతా ఆడవాళ్ళంతా పక్క ఊరి పెళ్ళికి పోయారు. మా అత్తకి చేతులు వణుకుతాయి, సిడ్డూ అంచులు ముడవలేదు. పైన కాసేపు తల్లీకొడుకుల గుసగుసలు వినిపించాయి. తర్వాత మెట్లు కిర్రుమన్నాయి. మా అత్త ఖుడ్ గుమ్మం దాకా వచ్చింది. ఈ ఐదు రోజుల్లో ఆమె నా నీడ కూడా తొక్కదు.

“ఖీమీ, తలమీద నుంచి స్నానం చేసి పైకి రావే.”

“నిన్ననేగా అత్తా కింద చేరింది!”

“తెలుసులేవే. గోమూత్రం చల్లుతా. ఇవాళొక్కరోజుకి దేవుడు ఏమీ అనుకోడులే.”

పదిహేడేళ్ళు. రిధిమకి మూడో నెలలో జ్వరమొచ్చి రాత్రంతా ఏడుస్తుంటే, పాలకి తప్ప నా చేతికివ్వని దేవుడు. మా అమ్మ పోయిన కబురొచ్చినప్పుడు కూడా పైకి వచ్చి కూర్చోనివ్వని దేవుడు. ఢిల్లీ వాళ్ళకి ఆకలేస్తుందనేసరికి మెత్తబడిపోయాడు. నేను స్నానం చేసి పైకెక్కాను. నా తడి జుట్టు మీద మా అత్త చల్లిన చుక్కలు కళ్ళలో పడి మండాయి.

అక్రోటు పప్పూ గసగసాలూ నూరి, పిండి ఉండల్లో పెట్టి, ముడిచి, ఆవిరికి పెట్టాను. మొదటి సిడ్డూ దించగానే మా అత్త ఎప్పట్లాగే దాన్ని ఆకులో పెట్టి దేవుడి అరలో ఉంచి దండం పెట్టింది. నేను ఆ అర వంకే చూస్తూ నిలబడ్డాను. ఏమీ కాలేదు. దీపం కూడా కదల్లేదు.

వాళ్ళు పదకొండింటికి వచ్చారు. దారంతా బాగుందన్నారు. మెట్లు మరీ బాగున్నాయన్నారు. మా ఆయన పూర్వీకుల్ని పొగిడాడు. వరండాలో కూర్చుని తలా మూడు సిడ్డూలు తిని, నెయ్యి ఇంకాస్త వేయించుకున్నారు. తర్వాత ఇల్లు చూపించడానికి కిందికి దింపాడు. ఆయన రాసుకున్నదాంట్లో లేదు గాని, ఖుడ్ తలుపు తీసి ఉండటంతో వాళ్ళలో తెల్లజుట్టు ఆవిడ తొంగి చూసింది. నేను నేతి గిన్నె పట్టుకుని మెట్ల మీద ఉన్నాను. రిధిమ నా ముందు మెట్టు మీద ఉంది.

“ఆవుల గదిలో ఈ కంబళ్ళేమిటి? కంచం, దువ్వెన... ఎవరివి?” అంది ఆవిడ.

మా ఆయన ఒక్క క్షణం తడబడ్డాడు. అంతే.

“అవాండీ, పాతకాలంవి. అప్పట్లో ఆడవాళ్ళు ఆ రోజుల్లో ఇక్కడ పడుకునేవాళ్ళు. ఇప్పుడెక్కడివండీ అవన్నీ! చూపించడానికని అలా ఉంచాం.”

“అద్భుతం” అంది గరిమా మేడమ్. “ఇది తప్పకుండా మజిలీలో పెట్టండి.” మేడమే నా కంబళిని ఫొటో తీసింది. రాత్రి రాలిన నా వెంట్రుకలు దాని మీద ఇంకా ఉన్నాయి. రిధిమ వెనక్కి తిరిగి నా మొహంలోకి చూసింది. నేను నోరు విప్పలేదు. అక్కడ విప్పితే ఆయన పరువు పోయేది. నాకు కావలసింది ఆయన పరువు కాదు.

వాళ్ళు వంతెన దాటి కనుమరుగయ్యాక, ఎండ ఇంకా వరండాలో ఉండగానే మా అత్త పొయ్యి దగ్గరికి వచ్చి నిలబడింది. “సరే, వాళ్ళు వెళ్ళారుగా. ఇక కిందికి పో. ఇంకా నాలుగు రోజులేగా” అంది, అరువు తెచ్చిన గిన్నె తిరిగి ఇచ్చేస్తున్నట్టు. మా ఆయన నోటుపుస్తకంలో ఏదో రాసుకుంటూ తలెత్తకుండానే, “అమ్మ చెప్పింది వినవే” అన్నాడు.

కిందికి దిగాను. దూడ తల నిమిరాను. కంచం, గ్లాసు, దువ్వెన నా కంబళిలో చుట్టాను. రెండో మేకు మీది నీలం అంచు కంబళి కూడా తీశాను. రెండూ భుజాన వేసుకుని పైకొచ్చి, నాది గోడవారన నా చోట్లో పరిచాను. నీలం అంచుది తీసుకెళ్ళి రిధిమ మంచం మీద వేశాను.

“ఏంటే ఇది? దేవుడు చూస్తాడే!” అంది మా అత్త.

“పొద్దున్నించీ చూస్తున్నాడత్తా. మొదటి సిడ్డూ ఆయనే తిన్నాడు.”

“నలభై ఏళ్ళు పడుకున్నానే నేనక్కడ. చచ్చానా?”

“చావలేదత్తా. చలికి వణుకుతూ పడుకున్నావు.”

ఆమె తలుపు పట్టుకుని, రిధిమ మంచం మీది నీలం అంచు వంక చూసింది. మా ఆయన పుస్తకం మూసి లేచాడు. మొహం ఎర్రబడింది.

“పిచ్చా నీకు? రేపు ఊళ్ళో అడిగితే ఏం చెప్పమంటావు?”

“ఢిల్లీ వాళ్ళకి చెప్పిందే చెప్పు” అన్నాను. “పాతకాలంలో పడుకునేవాళ్ళని చెప్పు.”