ఒంటిచక్రం మొక్కు

దర్గాలో గంధం పండగ ఇంకా మూడు రోజులుందనగా జైతూన్‌బీ వచ్చి హజరత్తయ్య వాకిట్లో నిలబడింది. సైకిలు అంగడి దరియావలి భార్య ఆమె. ఎనిమిదేళ్ళలో ఆ ఇంటి మనిషి ఈ ఇంటి గడప ముందుకు రావడం అదే మొదలు. హజరత్తయ్య గేదెకు గడ్డి వేస్తున్నవాడు వేస్తూనే ఉన్నాడు. కూర్చోమనలేదు.

"అన్నా, నీ సైకిలు ఇంకా మా అంగట్లోనే ఉండాది," అంది ఆమె. "ఆయనకి కళ్ళు ఆనడంలా. అంగడి మూసేస్తుండాం. గంధం అయినాక గూడూరికి, మా కూతురింటికి పోతాం. సామాన్లన్నీ పాత ఇనుముకి ఏసినాడు. నీది మాత్రం ముట్టుకోనీడంలా. వచ్చి తీసుకోమన్నాడు."

"అది సైకిలు కాదు. సగం సైకిలు."

"మిగతా సగం నీ నెత్తి మీదే ఉండాది గదన్నా," అని, పైకి చూపించి, ఆమె వెళ్ళిపోయింది.

వసారా దూలానికి వేలాడుతున్నది ఆ సగం. సైకిలు ముందు చక్రం, దాని మీద నిలబడిన ఫోర్కు, ఫోర్కు నెత్తిన సీటు, ఇరుసుకు ఒకవైపే పెడలు. రెండో పెడలు లేదు. టైరు బీటలు వారింది. పిచ్చుకలు సీటు కింద గూడు కట్టి, పిల్లల్ని లేపి, ఎప్పుడో ఎగిరిపోయాయి.

అది అరవై ఏడో సంవత్సరం. ఆ సైకిలుకు రెండు చక్రాలూ ఉన్నది యాభై ఎనిమిది దాకా.

రెండు చక్రాలూ ఉన్నప్పుడు హజరత్తయ్య వెనక క్యారేజి మీద పెంచలమ్మ కూర్చునేది. పొలానికి, ముత్తుకూరు సంతకి, ఎక్కడికైనా అంతే. పిల్లలు లేరు, ఇంటికి తాళం వేస్తే ఇల్లంతా సైకిలు మీదే ఉన్నట్టు. మనిషి బొత్తిగా బరువు లేదు. గతుకుల్లో అతనికి అనుమానం వచ్చి వెనక్కి తిరిగేవాడు.

"ఉండావా, జారిపోయినావా?"

"ఉండా. ముందుకు చూడు."

ఆ ఏడు నెల్లూరికి సర్కసు వచ్చింది. ఒక ఆడమనిషి నెత్తిన మూడు బిందెలు పెట్టుకుని, ఒకే ఒక చక్రం మీద డేరా చుట్టూ తిరిగింది. పెంచలమ్మ కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. కోతలు అయిపోయేదాకా ఆ మాటే చెప్పింది. కళ్ళంలో చేట నెత్తిన పెట్టుకుని, ఒంటికాలి మీద ఎగిరి, ఆడకూలీలందరికీ చూపించింది.

కోతలు అయ్యాక హజరత్తయ్యకు టైఫాయిడ్ తగులుకుంది. ఇరవై రోజులు మనిషి మంచానికి అతుక్కుపోయాడు. డాక్టరు వచ్చిపోయాడు, మంత్రగాడు వచ్చిపోయాడు. పెంచలమ్మ దర్గాకి పోయి మొక్కింది. ఆ సామి పేరు పెట్టుకున్నవాడే గదా, ఆయనే లేపాలని. ఏడాదికి బతికి ఉంటే గంధం ముందర ఒంటి చక్రం మీద వస్తాడని చెప్పి వచ్చింది. కోడిని మొక్కొచ్చు, తలనీలాలు మొక్కొచ్చు. ఈవిడ సర్కసు మొక్కింది.

జ్వరం దిగింది. గంజి తాగే రోజుల్లో ఆ సంగతి చెప్పింది.

"మొక్కింది నువ్వు, తొక్కేది నేనా?"

"లేచి నిలబడినవి నీ కాళ్ళు గదా. అవే తొక్కాల."

"ఇంకేం దొరకలేదా నీకు?"

"సులువుగా అయ్యేది మొక్కితే సామి ఎందుకు లేపతాడు?" అంది ఆమె.

సైకిలు తీసుకుని ఇద్దరూ దరియావలి అంగడికి పోయారు. దరియావలి విని, హజరత్తయ్యని కింది నించి పైదాకా చూశాడు.

"రెండు చక్రాల మీదే నువ్వు తిన్నగా పోవు గదన్నా. ఒకటి తీసేస్తే ఏమవతావు?"

"తీసేసేది నువ్వు. తొక్కేది ఆయన. పడితే ఎత్తుకొచ్చేది నేను," అంది పెంచలమ్మ. "నీకెందుకు బాధ?"

వారం రోజులు దరియావలి అంగట్లో కూర్చుని గోడకేసి చూశాడు. ఎనిమిదో రోజు పానా పట్టుకున్నాడు. మామూలు సైకిలులో ముందు చక్రం ఇరుసు చుట్టూ ఊరికే తిరుగుతుంది. తొక్కాలంటే చక్రమూ ఇరుసూ ఒకటి కావాలి. పాత సైకిలు నించి పెడళ్ళ ఇరుసు ఒకటి ఊడదీసి, చక్రం నడిబొడ్డులో దూర్చి, కమ్మరి కొలిమి దగ్గరికి తీసుకుపోయాడు. ఇత్తడి ముక్కలు, వెలిగారం వేసి రెండూ కలిసి కరిగేలా అతికించారు. చింత చేవతో రెండు దిమ్మలు చెక్కించి, మూడు రోజులు ఆముదంలో నానబెట్టి, ఫోర్కు కొసలకు బిగించాడు. ఇరుసు ఆ దిమ్మల్లో తిరుగుతుంది. హ్యాండిల్‌బారు ఉండే చోట సీటు వచ్చి కూర్చుంది. వెనక చక్రం, మిగిలిన సైకిలు, అంగట్లో మూలకు చేరాయి.

క్యారేజి మాత్రం పెంచలమ్మ విప్పించుకుంది. "నేను కూర్చునేది నా ఇంట్లో ఉండాల," అని తీసుకుపోయి వంటింటి గోడకు కొట్టించింది. దాని మీద కంచాలు పెట్టుకునేది.

నేర్చుకున్నది సముద్రం ఒడ్డున. ఆటు తీసినప్పుడు తడి ఇసక గచ్చులాగా గట్టిపడుతుంది, పడినా దెబ్బ తగలదు. తెల్లారగట్ల ముగ్గురూ పోయేవాళ్ళు. పెంచలమ్మ రోకలి తెచ్చేది. ఒక కొస ఆమె, ఒక కొస దరియావలి పట్టుకుంటే, మధ్యలో హజరత్తయ్య ఆ రోకలి మీద చేతులు ఆనించి తొక్కేవాడు. ముగ్గురూ వరసగా పరిగెత్తుతుంటే వలలు లాగే పల్లెవాళ్ళు పని ఆపేసి చూసేవాళ్ళు.

"నడుం నిలబెట్టన్నా! నాట్లేసే వాడి మాదిరి వంగుతావేంది?"

"వామ్మో, రోకలి మీద బరువంతా ఏస్తుండాడు. పిండైపోతా నేను!" అనేది పెంచలమ్మ.

"ఇద్దరూ నోరు మూస్తారా?" అనేవాడు హజరత్తయ్య, ఇసకలో కూలబడి.

నాలుగు నెలలు. ఒకనాడు ఎప్పుడు వదిలేశారో తెలియదు, అతను తొక్కుతూనే ఉన్నాడు. వెనక పెంచలమ్మ నవ్వు దూరమవుతూ వినిపించింది. సర్కసులో నవ్విన నవ్వే. తిరిగి చూడబోయాడు. "ముందుకు చూడు!" అని అరిచింది. ముప్ఫై గజాలు పోయి పడ్డాడు. ఆ ముప్ఫై గజాల్లాంటివి మళ్ళీ అతని బతుకులో రాలేదు.

యాభై తొమ్మిది గంధానికి ముందు రోజు సాయంత్రం హజరత్తయ్య ఆ చక్రాన్ని తుడుస్తూ చూశాడు. ఫోర్కు కొసల వంపు వెనక్కి ఉంది. సైకిలుకు వంపు ముందుకే గదా ఉంటుంది. దరియావలి పొరపాటు పడ్డాడనుకున్నాడు. పానా తీసుకుని సీటు వదులు చేసి, అటు మొహం ఇటు తిప్పి, బిగించాడు. ఎవరికీ చెప్పలేదు. ఇంతోటిదానికి చెప్పేదేముంది?

మర్నాడు పొద్దు వాలుతుండగా గంధం ఊరేగింపు బయలుదేరింది. వీధి రెండు వైపులా జనం. హజరత్తయ్య వీధి మొదట్లో చక్రం ఎక్కాడు. సగం వీధి బాగానే పోయాడు. చప్పట్లు కూడా కొట్టారు. సరిగ్గా తన అన్న పద్మనాభయ్య అరుగు ముందుకి వచ్చేసరికి ఎడమ పెడలు ఊడి కిందపడింది. దాని వెంట అతనూ పడ్డాడు.

"మన ఇంటా వంటా లేని సర్కసు ఏస్తే ఇట్టనే ఉంటాది," అన్నాడు పద్మనాభయ్య అరుగు మీద నించి. జనం విరగబడి నవ్వారు.

హజరత్తయ్య లేచి, ముందు కనిపించిన దరియావలి మీద పడ్డాడు. "పెడలు బిగించడం చేతకానోడివి, అంగడెందుకు పెట్టినావురా?"

దరియావలి నోరు తెరిచాడు. కిందపడిన చక్రాన్ని ఒకసారి, హజరత్తయ్య పక్కన నిలబడిన పెంచలమ్మని ఒకసారి చూశాడు. నోరు మూసుకున్నాడు. ఆ మాట ఊరంతా విన్నది గనక, ఊరంతా నమ్మింది. ఆ తర్వాత చాలామంది సైకిళ్ళు బాగుచేయించుకోవడానికి ముత్తుకూరు పోవడం మొదలుపెట్టారు.

పెంచలమ్మ పెడలును కొంగులో వేసుకుని ఇంటికి వచ్చింది. వారం పోయాక అంది, "వచ్చే గంధానికి తొక్కుదువులే."

"నీ మొక్కు నీతోనే పోనీ," అన్నాడు హజరత్తయ్య.

ఆమె మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. మరుసటి గంధానికి నెల ఉందనగా, మూడు రోజుల విషజ్వరంతో పోయింది. మొక్కు ఆమెతో పోలేదు. దూలానికి వేలాడుతూనే ఉంది.

జైతూన్‌బీ వచ్చిపోయిన సాయంత్రం హజరత్తయ్య వంటింట్లోకి పోయాడు. గోడ మీది క్యారేజి కింద, గూట్లో, ఆమె పెట్టిన చోటే పెడలు ఉంది. జేబులో వేసుకున్నాడు. నిచ్చెన వేసి చక్రం దింపి, భుజాన పెట్టుకుని దరియావలి అంగడికి నడిచాడు.

అంగడి బోసిగా ఉంది. ఒక బల్ల, దాని మీద దరియావలి, మూల సగం సైకిలు.

"హజరత్తన్నా?"

"కళ్ళు ఆనడం లేదన్నారే."

"చెప్పులీడ్చే నడక ఊళ్ళో నీదొకటే గదా."

హజరత్తయ్య చక్రాన్నీ, జేబులోని పెడలునీ అతని ఒళ్ళో పెట్టాడు. దరియావలి వేళ్ళు టైరు మీదా, చువ్వల మీదా, చింత దిమ్మల మీదా పాకాయి. "ఆముదం ఎండిపోయింది," అన్నాడు. వేళ్ళు సీటు దగ్గరికి పోయి ఆగాయి.

"సీటు ఎదురు తిరిగుండాది."

"తెలుసు."

"ఎప్పుడు తెలిసింది?"

"పడిన మర్నాడే."

ఎడమ పెడలుకు మరచుట్లు ఎడమకు తిరిగి ఉంటాయి. ముందుకు తొక్కినంత కాలం బిగుసుకుంటుంది, వెనక్కి తొక్కితే వదులవుతుంది. సీటు తిప్పితే తొక్కేవాడికి ముందైనది చక్రానికి వెనక. ప్రతి చుట్టుకీ పెడలు కాస్త కాస్త ఊడుతూ వచ్చింది. మర్నాడు చక్రాన్ని దూలానికి కడుతూ ఊరికే తిప్పి చూసినప్పుడు హజరత్తయ్యకు అది అర్థమైంది. పెంచలమ్మకు కూడా చెప్పలేదు.

"నీకెప్పుడు తెలిసింది?" అని అడిగాడు.

"నువ్వు లేవకముందే చూసినా."

"మరి నోరెందుకు మూసుకున్నావు?"

"మా చెల్లెలు పెంచలమ్మ పక్కనే నిలబడుండాది. ఆమె ముందర నిన్ను రెండోసారి పడెయ్యమంటావా?"

"చెప్పుండాల్సింది," అన్నాడు హజరత్తయ్య.

"చెప్పుంటే వినేవాడివా?"

"వినేవాణ్ణి కాదు. అయినా చెప్పుండాల్సింది."

తప్పు తనదని తెలిసీ ఎనిమిదేళ్ళు ఇంకొకడి నెత్తిన పెట్టిన మనిషి అతను. తప్పయిందని ఒక్కసారి అంటే చాలు. ఆ మాట అతని నోటికి రాదు. దరియావలి కూడా దాని కోసం ఆగలేదు. తడుముకుంటూ పానా వెతికి, సీటు తిప్పడం మొదలుపెట్టాడు.

"ఇంటికి తీసుకుపోయి ఏం చేస్తావు దీన్ని?"

"గురువారం తొక్కుతా."

"నీకు నలభై ఆరన్నా."

"మొక్కుకి వయసుంటుందా?"

దరియావలి పానా ఆపాడు. "రోకలి ఉండాదా?"

"ఉండాది."

"ఒక కొస నేను పట్టుకుంటా. ఇంకో కొస?"

రెండో కొస జైతూన్‌బీ పట్టుకుంది. రెండు తెల్లవారుజాములు, అదే ఇసక, అదే ఆటు. ఆమె ఆయాసపడుతూ, మొగుణ్ణీ హజరత్తయ్యనీ కలిపి తిడుతూ పరిగెత్తింది. ఎవరూ నవ్వలేదు. రెండో రోజుకి కాళ్ళకు పాత సంగతి గుర్తుకొచ్చింది.

గురువారం గంధం బయలుదేరే వేళకు హజరత్తయ్య చక్రంతో వీధి మొదట్లో నిలబడ్డాడు. పడిన చోటి నించి తొక్కితే చాలదా అని దర్గా చూసుకునే ముజావరు అడిగాడు. చాలదన్నాడు. అరుగు మీద పద్మనాభయ్య తమ్ముణ్ణి చూసి గొంతెత్తాడు.

"ఒరేయ్, ఈ ఏడైనా ఆ దరియావలి పెడలు బిగించినాడా?"

జనం నవ్వారు. హజరత్తయ్య నవ్వు ఆగేదాకా ఆగాడు.

"అప్పుడూ బాగానే బిగించినాడు," అన్నాడు, వీధి చివరిదాకా వినపడేలా. "సీటు తిప్పింది నేను. పెడలు ఊడింది నా వల్ల."

జనంలో చాలామందికి అది పాత సంగతి. కొందరికి గుర్తే లేదు. గుర్తున్న వాళ్ళు దరియావలి వైపు చూశారు. దరియావలి ఎటో చూస్తున్నాడు. చూసినా అతనికి ఆనదు.

హజరత్తయ్య జైతూన్‌బీ భుజం ఆసరాతో చక్రం ఎక్కాడు. చేతులు చాపుకుని, పిట్టలు తోలే బొమ్మలాగా ఊగుతూ, అన్న అరుగు దాటాడు. ఊడలేదు. జనం ఈలలు వేశారు, విరగబడి నవ్వారు. వీధి పొడుగునా అతను ఆ నవ్వుల్లో ఒకటి వెతుక్కుంటూ పోయాడు. లేని దాన్ని వెతుకుతున్నానని తెలుసు. దర్గా మెట్టు దగ్గర దిగాడో పడ్డాడో ఎవరికీ సరిగ్గా తెలియలేదు. మోకాలు మాత్రం చీరుకుపోయింది. ముజావరు మెడకు గంధం రాశాడు.

శనివారం పొద్దున్నే దరియావలి దంపతుల సామాను బండికెక్కింది. అంతకుముందే అతను తడుముకుంటూ ఇరుసు కోసేసి, వేరే ఇరుసు వేసి, ఫోర్కు వంపు మళ్ళీ ముందుకు తిప్పి, రెండు సగాల్నీ ఒకటి చేశాడు. అంగట్లో అది అతని ఆఖరి పని.

"క్యారేజి తీసుకురాకపోయినావా? బిగించేసేవాణ్ణి."

"అది ఇవ్వను."

"వెనకాల ఎవరైనా ఎక్కాలంటే?"

"ఎవరూ ఎక్కరు."

దరియావలి తల ఊపాడు. బండి గూడూరు దారి పట్టింది.

హజరత్తయ్య సైకిలు ఎక్కలేదు. నడిపించుకుంటూ ఇంటిదారి పట్టాడు. గతుకు వచ్చిన చోట వెనక చక్రం ఎగిరి పడింది. ఆగి, వెనక్కి తిరిగి చూశాడు. ఖాళీ మడ్‌గార్డు మీద ఎండ పడుతోంది. ముందుకు చూడమని చెప్పేవాళ్ళు లేక, కాసేపు అట్లాగే చూస్తూ నిలబడ్డాడు.