గోడ వారన గునుగు

కొండాపూర్‌లో మా ఎదురు ఫ్లాట్ ప్రశాంతి తొలకరికి పార్కింగ్ గోడ వారన గునుగు గింజలు చల్లింది. గోదావరి జిల్లా నుంచి వచ్చిన నాకు అది ఉత్త కలుపు మొక్క. సాఫ్ట్‌వేర్ పిల్లకి ఇదేం సరదా అని విసుక్కున్నాను. వానలు వెనకపట్టేసరికి మొక్కలు నడుమెత్తు లేచి గులాబిరంగు కంకులేశాయి. సీతాకోకచిలుకలు ముసిరాయి.

గునుగు లేనిదే బతుకమ్మ పేర్చరట. పండుగకి అన్నీ కోసేస్తుందనుకున్నాను. ప్రశాంతి బజారు నుంచి గునుగు కట్టలు మోసుకొచ్చింది!

"ఇదేం చోద్యమమ్మా, ఇన్ని పెట్టుకుని కొనుక్కొచ్చావా?" అన్నాను.

కంకి మీద వేలాడుతూ గింజలు ఏరుకుంటున్న పిట్టను చూపించింది.

"మనకైతే మార్కెట్ల దొరుకుతయి ఆంటీ. గది యాడికి పోయి కొనుక్కుంటది?"