చప్పుడు లేని తరగతి

మూడో తరగతి పిల్లలు ముప్పై నలుగురూ చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నారు. వరండాలో పోతున్న హెడ్మాస్టరు కిటికీలోంచి తొంగిచూసి, "ఇప్పుడు బడిలా ఉంది," అన్నాడు. ఎవరు చూసినా ఆ మాటే అంటారు. ఆ నిశ్శబ్దం కింద ఏం నలుగుతోందో టీచరుకు మాత్రమే తెలుసు.

నెల కిందటి వరకు ఆ గదిలో ఎక్కాలు పాటగా సాగేవి. ఒక వరుస బల్లమీద దరువు వేస్తే రెండో వరుస అంకె అందుకునేది. కిటికీ పక్కన కూర్చునే పిల్లకు నత్తి. పేరు చెప్పాలన్నా మెడ నరాలు ఉబ్బేవి. తోటివాళ్లు "రేడియో పాడైపోయిందే," అని ఏడిపించేవారు. దరువు మొదలైతే మాత్రం ఏడో ఎక్కం గడగడా పాడేసేది. మొదటిసారి అలా పాడిన రోజు తనే బిత్తరపోయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

పక్క తరగతి మాస్టారికి తలనొప్పి వచ్చింది. "ఇది బడా, నాటకం కంపెనీయా టీచరుగారూ?"

"పరీక్షలో దరువెయ్యనివ్వరు కదమ్మా," అన్నాడు హెడ్మాస్టరు.

టీచరు ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఎదురు చెప్పలేదు. దరువుకు అలవాటుపడ్డ చేతులు ఊరుకోవని, వాటిని తొడల కింద పెట్టుకోమని తనే నేర్పింది.

నోటి పరీక్షకు ముందురోజు నత్తిపిల్ల తల్లి వచ్చింది. "ఈసారీ తప్పితే మానిపించేస్తాను టీచరమ్మా. నేను కుట్టుపనిలో ఉంటే చంటిదాన్ని చూసుకుంటుంది."

"తప్పదమ్మా, దానికన్నీ వచ్చు," అంది టీచరు.

మర్నాడు పరీక్షాధికారి అడిగాడు. "ఏడెనిమిదులు?"

పిల్ల చెయ్యి మెల్లగా బల్లమీదికి వచ్చింది. టీచరు వైపు చూసింది. గుమ్మంలో హెడ్మాస్టరు నిలబడి ఉన్నాడు. టీచరు కళ్లతోనే వద్దంది. చెయ్యి వెనక్కి పోయింది.

"ఏ... ఏ..."

"రాదన్నమాట," అంటూ ఆయన సున్నా చుట్టాడు.

సోమవారం కిటికీ పక్కన ఆ పిల్ల చోటు ఖాళీగా ఉంది. సాయంత్రం టీచరు వాళ్లింటికి వెళ్లింది. పిల్ల చంటిదాన్ని ఒళ్లో వేసుకుని గోడవైపు తిరిగి కూర్చుంది. తల్లి కుట్టుమిషను ఆపలేదు.

"దానికి ఎక్కం వచ్చమ్మా. పాడితే చెబుతుంది."

"మరి పాడనివ్వలేదేం?"

"నేనే వద్దన్నాను."

మిషను ఆగింది. తల్లి ఆమెను ఎగాదిగా చూసింది. "దానికి రాదనుకుని నిన్న రెండు దెబ్బలు వేశాను టీచరమ్మా. ఇంక పంపను. అక్కడా తిట్లే, ఇక్కడా తిట్లే. ఇక్కడైతే కనీసం నా కళ్లముందుంటుంది."

టీచరు ఎంత బతిమాలినా ఆ మాట మారలేదు.

మరుసటి ఉదయం ఆమె తరగతి తలుపులు బార్లా తీసి, పిల్లల చేతులు బల్లలమీద పెట్టించింది. దరువు వినిపించి హెడ్మాస్టరు పరుగున వచ్చాడు. "ఉద్యోగం మీద ఆశ లేదా అమ్మా?"

"ఉందండీ. ఆ ఆశతోనే ఒక పిల్ల నోరు నొక్కేశాను. పిల్లలు ఏ దారిన నేర్చుకుంటారో ఆ దారిన మనమే నడిచి వెళ్లాలి. పాటతో వచ్చే చదువును పాటతోనే రానివ్వాలి. మన తరగతి ప్రశాంతంగా ఉండాలని పిల్లల్ని మూగవాళ్లను చేసే హక్కు మనకు లేదు."