కిటికీ తెరిచిన సాయంత్రం

తడి దుప్పట్లను యంత్రంలోంచి రెండు చేతులా లాగి తోపుడుబండిలో కుక్కుతున్నాడు ఉరుము. ఆసుపత్రి కింది అంతస్తులోని ఆ గదిలో పగలంతా బట్టలుతికే యంత్రాలు రొద పెడుతూనే ఉంటాయి. మామూలుగా మాట్లాడితే పక్క మనిషికి పెదవులు కదలడమే కనిపిస్తుంది. పెళ్లి కాకముందు చేరాడిక్కడ. అప్పట్నుంచీ అతనికి మాట్లాడటమంటే అరవడమే. వీధిలో ఎవరైనా పలకరించినా, ఇంట్లో మంచినీళ్లడిగినా అదే గొంతు. ఉరుమన్న పేరు ఎవరు పెట్టారో గానీ, అసలు పేరు జీతమిచ్చేవాళ్లకు తప్ప ఎవరికీ గుర్తులేదు.

చూస్తే బక్కపలచటి మనిషి. ముంజేతుల మీద ఆవిరి కాల్చిన మచ్చలు. సబ్బునీళ్లలో నాని నాని ముడతలు పడిన వేళ్లు. అంత గొంతు ఆ ఒంట్లో ఎక్కడ దాక్కుందా అని కొత్తవాళ్లు ఎగాదిగా చూస్తారు.

క్రితం వారం సిబ్బందినంతా కూర్చోబెట్టి ఒక నర్సమ్మ మాట్లాడే పద్ధతి చెప్పింది. ఎదుటివాళ్లు ఎలాంటివాళ్లో తీర్పు చెప్పొద్దంది. మీరు చూసింది చెప్పండి, మీకెలా ఉందో చెప్పండి, ఏం కావాలో అడగండి, కాదన్నా సరే చివరిదాకా వినండి అంది. "ఇన్నేళ్లొచ్చాక మాటలు నేర్పుతారట మాకు" అని అందరూ నవ్వుకున్నారు. అందరికంటే పెద్దగా నవ్వింది ఉరుమే. కానీ ఆ మాటలు చెవిలో దూరిన నీళ్లలా అతన్ని వదల్లేదు.

ఇవాళ మడతలు పెట్టే ఆమె మళ్లీ ఆలస్యంగా వచ్చింది. బల్ల మీద గుట్ట అతని భుజం దాకా పెరిగింది. 'ఒళ్లు బద్ధకం నీకు' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఏమనుకున్నాడో, వెళ్లి యంత్రం ఆపేశాడు.

"బట్టలు గుట్ట పడిపోయాయమ్మా. పైవాళ్లు అడుగుతారని నాకు కంగారుగా ఉంది. కొంచెం ముందు రాగలవా?"

ఆమె దుప్పటి కొస పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "ఏంటన్నా, ఒంట్లో బాలేదా?"

"బానే ఉంది."

ఆమె నవ్వబోయి ఆగింది. "మా అమ్మకి చూపు పోయిందన్నా. తల దువ్వి, బట్టలు మార్చి, కుర్చీలో కూర్చోబెట్టి వస్తున్నా. నేనొచ్చేదాకా కదలొద్దంటే కదలదు పాపం."

ఒకే బల్లకు అటొకరూ ఇటొకరూ నిలబడి ఏళ్ల తరబడి దుప్పట్లు మడిచారు. కుర్చీలో కదలకుండా కూర్చునే ఆ ముసలమ్మ సంగతి అతనికి తెలియనే తెలియదు. తను చేసిందల్లా గొంతు తగ్గించడమే. ఒక ఇంటి తలుపు తెరుచుకున్నట్టు, లోపలి కుర్చీ దాకా కనిపించింది. అతను దుప్పటి రెండో కొస అందుకున్నాడు.

సాయంత్రం ఇల్లు చేరేసరికి కూతురు అట్టపెట్టెలకు టేపు వేస్తోంది. కళ్లజోళ్ల దుకాణంలో పని ఆమెకు. ఇంటికి దుకాణం దూరమని, దాని దగ్గర్లోనే గది తీసుకుని మారిపోతోంది. నిన్నటిదాకా ఆ విషయంలో అరుస్తూనే ఉన్నాడు.

అతను గొంతు సవరించుకోగానే ఆమె లేచి కిటికీ మూసింది. వాళ్లమ్మ కూడా చనిపోయేదాకా అదే పని చేసేది. ఆవిడ చలికి మూస్తోందనుకునేవాడు. ఇరుగుపొరుగు వినకుండా మూసేదని ఈ క్షణంలో తెలిసింది.

నేల మీద, కూతురికెదురుగా కూర్చున్నాడు.

"నువ్వెళ్తుంటే నాకు భయంగా ఉందమ్మా. నా గొంతు వల్లేనా?"

ఆమె టేపు కొసను గోటితో గీకింది. "కొంత అదే నాన్నా. మెట్ల మీద నీ చెప్పుల చప్పుడు వింటే నాకు కడుపులో నొప్పొస్తుంది."

"ఇప్పటికీనా?"

"ఇప్పటికీ."

చెప్పుకోవడానికి అతని దగ్గర బోలెడుంది. యంత్రాల రొద, అలవాటు, ఏనాడూ చెయ్యి చేసుకోలేదన్న గర్వం. అన్నీ మింగేశాడు.

"ఇంకా చెప్పమ్మా."

చెప్పింది. చిన్నప్పుడు లెక్కలన్నీ వచ్చినా, అతను అడిగితే భయంతో తప్పు చెప్పేదట. అమ్మ పోయిన రోజు అతని పక్కన కూర్చోవాలనిపించిందట. ధైర్యం చాలక మెట్ల మీద కూర్చుండిపోయిందట.

ఆ రోజు పక్కన ఎవరైనా కూర్చుంటే బాగుండునని అతనూ అనుకున్నాడు. మధ్యలో ఉన్నది ఒక్క గోడ. తన ఇంట్లోనే పెరిగిన ఈ పిల్లను మొదటిసారి చూస్తున్నట్టు, రెప్ప వేయడానికి కూడా జంకుతూ చూశాడు.

"ఉండిపొమ్మని అడగాలనుంది," అన్నాడు.

"అడుగు నాన్నా."

"ఉండిపోతావా?"

"ఉండలేను."

ఆ మాటకు అతనికి కోపం రాలేదు. అదే అతనికి అన్నిటికంటే వింతగా తోచింది. కూతురు కళ్లు తుడుచుకుని లేచి కిటికీ రెక్కలు బార్లా తెరిచింది. వీధిలోని చప్పుళ్లన్నీ ఒక్కసారిగా లోపలికి వచ్చాయి.

ఇద్దరూ కలిసి పెట్టెలు కిందికి దించారు. బండి ఎక్కేముందు ఆమె అతని మోచేతిని ఒకసారి పట్టుకుని వదిలింది. బండి మలుపు తిరిగేదాకా నిలబడి, అతను మెట్లెక్కాడు. చెప్పులు చేత్తో పట్టుకుని, చప్పుడు చేయకుండా.

పొయ్యి గట్టు మీద, కూతురు పెట్టి వెళ్లిన, ఆ ఇంట్లో ఏ తలుపుకూ సరిపోని కొత్త తాళంచెవి ఒకటుంది. దానికి కట్టిన నీలం దారం గాలికి మెల్లగా కదులుతోంది.