సెమిస్టరు అయ్యాక చూద్దాం

ఇళ్లకి రంగులేసి బతికే ఆ పెయింటరుకి నాలుగు నెలలుగా ఒకటే కడుపుమంట. పిల్లలు పెద్దవాళ్లయ్యారు కదా అని భార్య నలభై ఏళ్లొచ్చాక డిగ్రీలో చేరింది. తనేమో ఏడో తరగతిలోనే బడి మానేసినవాడు. ఇప్పుడు ఏదడిగినా ఆవిడ నోట ఒకటే మాట, "సెమిస్టరు అయ్యాక చూద్దాం." అక్కగారింటికి వెళ్లడమైనా అంతే, సినిమాకైనా అంతే. సెమిస్టరు ఇంట్లో సవతిలా తిష్ఠ వేసింది.

పరీక్షలు దగ్గరపడగానే ఆవిడ చదువుకునే గదికి నూనె రంగు పూసేశాడు. ఆ ఘాటుకి తట్టుకోలేక వంటింట్లోకొచ్చి తన పక్కనే కూర్చుంటుందని ఆశ.

ఆవిడ ముక్కు మూసుకుని పుస్తకాలు సంచిలో సర్దుకుంది. "లైబ్రరీకి పోతున్నా. మా బ్యాచ్ అంతా అక్కడే చదువుతున్నారు."

"బ్యాచ్‌లో మగాళ్లెందరు?"

"అందరూ మన పెద్దాడి ఈడువాళ్లే. నన్ను ఆంటీ అంటారు."

"ఇంతకీ ఈ సెమిస్టరు ఎప్పుడు వదుల్తుంది?"

"ఇంకో పదిహేను రోజులు. తర్వాత రెండు వారాలు సెలవులు."

"ఆ తర్వాత?"

"రెండో సెమిస్టరు. మొత్తం ఆరండీ. చేరేటప్పుడే చెప్పబోతే మీరు అలిగి అటు తిరిగి పడుకున్నారు."

ఆవిడ వెళ్లిపోయింది. అతను గది కిటికీలన్నీ బార్లా తెరిచి, ఫ్యాను వేశాడు. అదీ చాలదనిపించి, అట్టముక్క తీసుకుని విసనకర్రలా తడిగోడకి విసరడం మొదలుపెట్టాడు.