పడవ సీనులో గొంతు

ఫోనులో మా అక్క గొంతు విన్నవాళ్లెవరూ ఆమెను అమ్మా అని పిలిచిన పాపాన పోలేదు. గ్యాస్ సిలిండరు తెచ్చే అతను సార్ అంటాడు, బ్యాంకువాళ్లు సార్ అంటారు. ఇంటికి ఎవరైనా వస్తున్నారంటే చాలు, గొంతు తగ్గించవే అని అమ్మ ముందే హెచ్చరిస్తుంది. అక్క నవ్వి ఊరుకుంటుంది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది కాబట్టి నేను ఊరుకోను.

అక్క డబ్బింగ్ ఆర్టిస్టు. తెర మీద ఎవరి పెదాలో కదులుతుంటే, చీకటి గదిలో మైకు ముందు నిలబడి వాటికి మాటలు పోస్తుంది. గలగలమంటాయని గాజులు ముందే తీసి పర్సులో పెట్టుకుంటుంది. ఇన్నాళ్లూ ఆమెకు దొరికినవి అల్లరి పిల్లలు, ముసలి మంత్రగత్తెలు, ఒకసారి మాట్లాడే ఎలుగుబంటి. హీరోయిన్‌కి చెప్పే అవకాశం ఇన్నాళ్లకు వచ్చింది. వందేళ్ల కిందటి కథ అది. చనిపోయిన అన్న బట్టలు తొడుక్కుని, అన్న పేరు పెట్టుకుని, బతికినంతకాలం మగాడిగా పడవ నడిపిన ఆడమనిషి కథ.

సినిమా విడుదలయ్యాక వచ్చిన మొదటి ఆదివారం అక్క పత్రికలన్నీ కొనుక్కొచ్చి వంటింటి బల్ల మీద పరిచింది. విమర్శకులు తలో మాటా అన్నారు. నడక అద్భుతమని ఒకరు, ఆ నడకకు పసిపిల్లలు కూడా మోసపోరని ఇంకొకరు. మీసం మొలవని మగాడిని ఊరంతా ఎలా నమ్మిందని ఒకాయన అర పేజీ నిలదీశాడు. మీసానికి అర పేజీ ఎందుకో నాకు అర్థం కాలేదు. పేరున్న పెద్ద పత్రిక విమర్శకుడు మాత్రం అంతా మెచ్చుకుని చివర్లో మెలిక పెట్టాడు. ఆమె పడవలో ఒంటరిగా కూర్చుని తనలో తాను మాట్లాడుకునే సీనులో కూడా మగగొంతు పెట్టడం ఘోరమట. ఎవరూ వినని చోటైనా ఆమెలోని ఆడది పలకాలి కదా అని రాశాడు.

నిర్మాత గోడమీద పిల్లి. సాయంత్రానికల్లా ఫోను చేశాడు. సినిమా టీవీలో వచ్చేలోపు ఆ ఒక్క సీనూ వేరే అమ్మాయి చేత చెప్పిస్తామని, మిగతాదంతా అక్క గొంతే ఉంటుందని, ఏమీ అనుకోవద్దని చెప్పాడు.

ఎలుగుబంటికి చెప్పమన్నప్పుడు కూడా నవ్విన మనిషి ఇప్పుడు నవ్వలేదు. ఆ సినిమాలో తనకు అన్నిటికన్నా ఇష్టమైన సీను అదేనని మాత్రం అంది. నాకు ఒళ్లు మండిపోయింది. పత్రికాఫీసుకు పోయి ఆ పెద్దమనిషిని కడిగేద్దాం పదమన్నాను.

"కడగడం తర్వాత," అంది అక్క. "అసలాయనకి అక్కడ ఏం వినబడిందో తెలుసుకోవాలనుందే నాకు."

మర్నాడు అమ్మ వంట చేస్తుండగా, అక్క వంటింటి బల్ల దగ్గర కూర్చుని పత్రికాఫీసుకు ఫోను చేసి ఆయన్ని పిలిపించింది. నాకూ వినబడేలా స్పీకరు పెట్టింది. ఎవరో పాఠకుడనుకుని ఆయన ఎంతో మర్యాదగా చెప్పండి సార్ అన్నాడు. అక్క దిద్దలేదు. ముందు మిగతా సీన్ల సంగతి అడిగింది. వాటిలో గొంతు బాగా కుదిరిందట. ఒక ఆడమనిషి కష్టపడి మగాడిలా మాట్లాడుతున్నట్టే ఉందట. పడవ సీనుకొచ్చేసరికి ఆ కష్టమంతా పోయి అచ్చం మగాడే మాట్లాడాడట. అక్కడికి మాత్రం ఎవరో మగాడి చేత చెప్పించి ఉంటారని ఆయన నమ్మకం.

నేను అందుకోబోతే అక్క చెయ్యి అడ్డం పెట్టింది.

"అన్నీ చెప్పింది నేనేనండీ," అంది. "మిగతా చోట్లంతా గొంతు బిగబట్టి చెప్పాను. ఆ సీనులో మాత్రం ఏమీ చెయ్యలేదు. ఇంట్లో మా చెల్లితో మాట్లాడినట్టే మాట్లాడాను."

 సార్ అన్న పిలుపు అక్కడితో పోయింది.

"అమ్మా... ఇప్పుడు నేను వింటున్నది మీ మామూలు గొంతేనా?"

"ఊహ తెలిసిన దగ్గర్నుంచీ ఇదేనండీ."

ఆయన క్షమాపణలు మొదలుపెట్టాడు. అక్క వాటిని మధ్యలోనే ఆపి, ఆడగొంతు ఎలా ఉండాలో మీకెవరు చెప్పారని అడిగింది. దెప్పడానికి కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. ఎవరూ చెప్పినట్టు గుర్తులేదమ్మా అన్నాడాయన.

"మా అమ్మకి కూడా గుర్తుండి ఉండదు లెండి," అంది అక్క.

పొయ్యి దగ్గర గరిటె చప్పుడు ఆగింది. అమ్మ ఇటు తిరగలేదు.

తరువాతి వారం ఆయన జరిగింది జరిగినట్టు రాశాడు. తక్కిన విమర్శకులు ఆ సీను వినడానికే మళ్లీ థియేటరుకు వెళ్లారు. అంత మంచి సీను మీద ఎవరైనా చెయ్యి వేస్తారా అని నిర్మాత ఫోను చేసి మరీ అక్కను అడిగాడు. సిగ్గు కూడా లేదు.

మోకాళ్ల నొప్పులని వంక పెట్టి అమ్మ సినిమాకు రాలేదు. టీవీలో వచ్చిన రోజు మాత్రం తప్పించుకోలేకపోయింది. చూద్దామని పక్కింటావిడ కూడా వచ్చి కూర్చుంది. పడవ సీను వచ్చింది. లాంతరు పక్కన పెట్టుకుని, తలపాగా విప్పి, ఆమె నీళ్లవైపు చూస్తోంది.

"ఇవాళ కూడా ఎవ్వరూ కనిపెట్టలేదు," అంది, అక్క గొంతుతో.

ఆ గొంతు ఎవరిదని పక్కింటావిడ అడిగింది. అమ్మ రిమోటు అందుకుంది. ఎక్కడ తగ్గిస్తుందోనని నేను లాక్కోబోయాను.

"మా పెద్దదానిది," అంటూ అమ్మ సౌండు పెంచింది.