పరీక్ష రోజున మూగబోయిన సౌండ్ కార్డు

నేను ఒక సౌండ్ కార్డును. మొదటి యజమాని నాతో అరిగిపోయేదాకా సినిమా పాటలు పాడించుకున్నాడు. రెండోవాడు నేనున్న కంప్యూటర్‌ని పార్వతీపురంలో ఒక డిగ్రీ కాలేజీకి దానమిచ్చి, దండతో ఫోటో దిగాడు. అక్కడ నా విలువ తెలిసింది ఒక్క బోనెల యశోదకే. ఆమెకు చూపు లేదు. తెర మీది అక్షరాలు నేను చదివి వినిపిస్తే ఆమె జవాబులు టైపు చేసేది.

ఆవేళ ఆఖరి సంవత్సరం పరీక్ష. పదింటికి ప్రశ్నపత్రం తెర మీదికి వస్తుంది. నేను పలక్కపోతే ఆమెకు ఏడాది పోయినట్టే.

తొమ్మిదింటికి ల్యాబ్ ఇన్‌చార్జి మోహనరావు కంప్యూటర్‌కి కుంకుమ బొట్టు పెట్టి, దాన్ని నడిపే లినక్స్‌లో కొత్త సౌండ్ డ్రైవర్ ఎక్కించడం మొదలెట్టాడు. డ్రైవరంటే కంప్యూటర్ మాటను నాకు చేరవేసే దుబాసీ.

"నిన్నటిదాకా బాగానే మాట్లాడింది కద సార్. ఇప్పుడెందుకు కెలకడం?" అంది యశోద.

"శుభమా అని పరీక్షకెళ్తూ పాత డ్రైవరేంటమ్మా!"

కొత్త దుబాసీ వచ్చాడు. నేను మూగబోయాను.

"కొత్తది ఎక్కిస్తే సౌండ్ మ్యూట్‌లో ఉంటుంది సార్. అది తీశారా?"

"పదిహేనేళ్ల సర్వీసు నాది. నాకు చెప్తున్నావా?"

హెడ్‌ఫోన్ పీకి స్పీకర్లు తగిలించాడు. లినక్స్ మొత్తాన్నీ అప్‌గ్రేడ్ చేశాడు. దాంతో అప్పుడే ఎక్కించిన డ్రైవర్ చెల్లకుండా పోయింది. మళ్ళీ ఎక్కించాడు. నా గొంతు మూసి ఉందన్న గుర్తు తెర మీద కనబడుతూనే ఉంది. నిక్షేపంలాంటి రెండు కళ్ళతో దాన్ని ఆరుసార్లు దాటేశాడు.

పదికి పది నిమిషాలుందనగా ప్రయత్నం మానేసి ప్రిన్సిపాల్ మేడమ్‌కి రిపోర్టు టైపు చేశాడు. మేడమ్‌ని పిలుచుకు రావడానికి పరిగెత్తాడు.

యశోద కుర్చీ లాక్కుంది. ఏనాడూ తెర చూడని మనిషికి ఇప్పుడు చూడాల్సిన పనేముంది? కీబోర్డు మీదే ఆదేశాలు టైపు చేసే కిటికీ తెరిచి, మ్యూట్ తీసి, వాల్యూమ్ పెంచి, కిటికీ మూసేసింది. దాని వెనక మోహనరావు తెరిచి వదిలేసిన రిపోర్టు తెర మీద మిగిలింది. అప్పుడే ప్రిన్సిపాల్ మేడమ్‌తో మోహనరావు గుమ్మంలోకి వచ్చాడు.

తెర మీద ఏముంటే అది చదవడమే నా ఉద్యోగం. గది దద్దరిల్లేలా చదివాను.

"అభ్యర్థిని తన ఇష్టానుసారం కంప్యూటర్‌ని ముట్టుకుని చెడగొట్టినది. ఇందులో నా తప్పిదమేమీ లేదు..."

మేడమ్ ఆయన వైపు తిరిగింది. ఆయన నేల వైపు తిరిగాడు.

"మ్యూట్ తీసేశాను సార్," అంది యశోద. "మళ్ళీ పెట్టమంటారా?"

పదయింది. నేను మొదటి ప్రశ్న చదివాను.